ముక్కు మీద కోపం, గిన్నె మీద ధ్యాస

పిల్లిని పెంచుకునే వాళ్ళు నలుగురు ఒకచోట చేరితే రెండు ఫిర్యాదులు జంటగా వినిపిస్తాయి. ఎంత పెట్టినా చాలదు అనేది మొదటిది. ముట్టుకుంటే చాలు రక్కుతుంది అనేది రెండోది. రెండిటికీ కలిపి చివర్లో తీర్పు ఒక్కటే: "దాని బుద్ధే అంత." పిల్లంటే ప్రాణం పెట్టేవాళ్ళు కూడా ఈ మాట నవ్వుతూ అనేసి, ఫోన్‌లో దాని వీడియో చూపించి, సంగతి వదిలేస్తారు.

ఈ తీర్పుతో నాకు పేచీ ఉంది. తిండి యావకి కొన్ని కారణాలు, కోపానికి కొన్ని కారణాలు ఉంటాయి. వాటిలో కొన్ని పుట్టుకతో వచ్చినవి, కొన్ని జబ్బులు, చాలావరకు మనం చేతులారా నేర్పినవి. ఈ రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోయే చోట మాత్రం తప్పకుండా ఇంట్లో ఎవరిదో ఒకరి చెయ్యి ఉంటుంది. ఏ ముడి ఎక్కడ పడిందో తెలియకుండా పిల్లిని మార్చాలని చూస్తే చేతికి గీతలు మిగులుతాయి తప్ప ఇంకేం జరగదు.

హైదరాబాద్ విద్యానగర్‌లో మా అపార్ట్‌మెంట్లో ఉన్న పిల్లి పేరు బూరె. రంగు చూసి పెట్టిన పేరు, తర్వాత ఆకారం కూడా పేరుకు తగ్గట్టే వచ్చింది. అపార్ట్‌మెంట్ సెల్లార్లో, కార్ల కింద దొరికిన పిల్లి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, టీకాలు అయ్యాయి, బయటికి పోదు. నగరంలో ఇళ్ళలో పెరిగే చాలా పిల్లుల చరిత్ర ఇంతే కాబట్టి దాన్నే ఉదాహరణగా పెట్టుకుంటాను.

ఆ ఆకలి ఎక్కడిది

ఇంటి పిల్లి పూర్వీకులు ఆఫ్రికా, పశ్చిమాసియా ప్రాంతాల అడవి పిల్లులు. సైప్రస్ ద్వీపంలో ఒక మనిషి సమాధి పక్కనే పాతిపెట్టిన పిల్లి ఎముకలు దొరికాయి, వాటి వయసు దాదాపు 9,500 ఏళ్ళు. స్నేహం అంత పాతదైనా పిల్లి పొట్ట మాత్రం పెద్దగా మారలేదు. అది ఒంటరిగా వేటాడే జంతువు, దొరికేవన్నీ చిన్న చిన్న ప్రాణులే. ఒక ఎలుకలో ఉండేది సుమారు 30 క్యాలరీలు. అంటే రోజు గడవాలంటే ఏడెనిమిది ఎలుకలు కావాలి. ప్రతి వేటా ఫలించదు కాబట్టి అంతకు రెండింతలో మూడింతలో ప్రయత్నాలు చేయాలి. కడుపు నిండాక వేట మానేసే పిల్లికి తర్వాతి పూట గ్యారంటీ లేదు. అందుకే తిండి మీద ధ్యాస, ఆకలి అనేవి పిల్లిలో రెండు వేర్వేరు విషయాలు. కడుపు నిండిన పిల్లి కూడా పావురాన్ని చూస్తే లేచి నిలబడుతుంది.

అలాంటి జంతువుకి మనం పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి గిన్నె నింపి "రెండు పూటలా పెడుతున్నాం కదా" అంటాం. ఆ రెండు పూటల పద్ధతి మనది. మధ్యలో పన్నెండు గంటలు ఖాళీ వస్తే పిల్లి ఒంటి లెక్కలో అది కరువే.

ఇంకో సంగతి, ఏం పెడుతున్నాం అన్నది. పిల్లి పూర్తి మాంసాహారి. పిల్లులకి ఎంచుకునే వీలిస్తే తమకి కావలసిన శక్తిలో 52 శాతం ప్రొటీన్ నుంచి వచ్చేలా తింటాయని 2011లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. పిండి పదార్థం విషయంలో మాత్రం ఒక హద్దు దాటి తినవు. టారిన్ అనే పదార్థాన్ని పిల్లి ఒళ్ళు సొంతంగా సరిపడా తయారు చేసుకోలేదు, మాంసం నుంచే రావాలి. అది తక్కువైతే గుండె కండరాలు సాగి బలహీనపడతాయని 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖ పరిశోధకులు చూపించారు. ఆ తర్వాతే కంపెనీలు పిల్లి తిండిలో టారిన్ పెంచాయి. కాబట్టి పాలన్నం, పెరుగన్నం తిని బతికే పిల్లి కడుపు నిండినా దానికి కావలసింది అందదు. అది మళ్ళీ గిన్నె దగ్గరికి వచ్చి అరిస్తే "ఎంత తిన్నా చాలదు దీనికి" అంటాం.

పాలు అయితే మరీ అన్యాయం. పిల్లి, పాలు మన సామెతల్లో విడదీయరాని జంట. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లి, ఉట్టి తెగిపడాలని శాపాలు పెట్టే పిల్లి, అన్నీ పాడి ఉన్న ఇళ్ళలోంచి వచ్చిన మాటలు. కానీ పెరిగిన పిల్లుల్లో చాలావాటికి పాలలోని చక్కెరని అరిగించుకునే శక్తి తగ్గిపోతుంది, తాగితే విరేచనాలవుతాయి. అవి పాలకోసం ఎగబడేది అందులోని కొవ్వు, ప్రొటీన్ కోసం. తీపి కోసమైతే కాదు, ఎందుకంటే పిల్లికి తీపి తెలియదు. తీపిని పట్టే గ్రాహకానికి కావలసిన ఒక జన్యువు పిల్లి జాతిలో పనిచేయకుండా పోయిందని 2005లో ఫిలడెల్ఫియాలోని మోనెల్ కేంద్రం శాస్త్రవేత్తలు తేల్చారు. మీ పిల్లి కోవా బిళ్ళ తింటుంటే అందులో ఉన్న పాలకొవ్వు కోసం తింటున్నట్టు.

మాంసం ముట్టని ఇళ్ళలో ఇది నిజంగా ఇబ్బందే. గుడ్డు కొంత సాయం చేస్తుంది కానీ సరిపోదు. వంటింట్లోకి రానవసరం లేని ప్యాకెట్ తిండి బాల్కనీలో ఒక మూల పెట్టుకుని నెట్టుకొచ్చే కుటుంబాలు ఉన్నాయి. అది కుదరని ఇంట్లో పిల్లిని పెంచుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఆపరేషన్ సంగతి చాలామందికి ముందుగా ఎవరూ చెప్పరు. పిల్లికి ఆపరేషన్ చేయించాక దానికి కావలసిన శక్తి సుమారు పావు వంతు తగ్గుతుంది, ఆకలి మాత్రం పెరుగుతుంది. కొద్ది రోజుల్లోనే ఈ మార్పు మొదలవుతుంది. ఇది తెలియక "ఆపరేషన్ తర్వాత పాపం నీరసంగా ఉంది" అని ఇంకొంచెం ఎక్కువ పెడతాం. ఆపరేషన్ మానేయమని కాదు, తప్పకుండా చేయించాలి. గిన్నెలో కొలత మార్చాలి, అంతే.

ఎవరు పెట్టారు, ఎంత పెట్టారు

నాలుగు కిలోల ఇంటి పిల్లికి రోజుకి 200 నుంచి 250 క్యాలరీలు చాలు, ఆపరేషన్ అయి ఇంట్లోనే ఉండేదానికి కింది అంకే సరిపోతుంది. డ్రై ఫుడ్ (ప్యాకెట్లో వచ్చే పొడి గింజల తిండి) వంద గ్రాములకి సాధారణంగా 350 నుంచి 400 క్యాలరీలు ఉంటాయి. అంటే రోజు మొత్తానికి యాభై అరవై గ్రాములు. మొదటిసారి తూచి చూసినవాళ్ళు ఎవరూ నమ్మరు.

ఇప్పుడు మా ఇంట్లో బూరె పొద్దున ఎలా గడుస్తుందో చూడండి. అత్తమ్మ అందరికంటే ముందు లేచి టీ పెట్టుకుంటుంది. బూరె ఆవిడ చీర కుచ్చిళ్ళకి రాసుకుంటూ ఎనిమిది ఆకారంలో తిరుగుతుంది, ఒక మ్యారీ బిస్కెట్ పడుతుంది. పాల ప్యాకెట్ కత్తిరించిన చప్పుడు వినగానే గట్టు కింద వచ్చి కూర్చుంటుంది, ఒక చిన్న గిన్నెడు పాలు. మావయ్య గుడ్డు తింటూ, పచ్చసొనలో కొలెస్టరాల్ అని డాక్టర్ చెప్పాడు కాబట్టి, సగం కిందికి జారవిడుస్తాడు. వంటమనిషి చికెన్ కడుగుతుంటే ఆమె దగ్గర ఒక ముక్క ఉడికించి పెట్టించుకుంటుంది. ప్రతి ఒక్కరూ తామొక్కరే పెట్టామనుకుంటారు. వంద మిల్లీలీటర్ల టోన్డ్ పాలు సుమారు 60, బిస్కెట్ 25, సగం పచ్చసొన ఇంకో 25, చికెన్ ముక్క 50. దాని సొంత గిన్నెలో ఒక్క గింజ కూడా పడకముందే 160 అయిపోయాయి. మనకి రోజుకి 2,000 క్యాలరీలు అనుకుంటే, పిల్లికి ఒక బిస్కెట్ అంటే మనం భోజనం కాకుండా అదనంగా ఒక మసాలా దోశ లాగించినట్టు.

ఇంతా అయ్యాక అది గిన్నె ముందు కూర్చుని, ఈ ఇంట్లో నన్ను పట్టించుకునే నాథుడు లేడన్నట్టు చూస్తుంది. మా అత్తమ్మ నన్ను చూసి, "నోరులేని జీవం బిడ్డా, ఎట్ల చూస్తం" అంటుంది. నోరు లేకపోవడం ఒక్కటే దానికి లేని లోపం.

మృగశిర కార్తె నాడు ఇంకా ముదురుతుంది. జూన్ మొదటి పక్షంలో ఆ రోజు చేప తినాలని నగరమంతా పట్టుదల. మాకు పక్కనే ఉన్న రామ్‌నగర్ చేపల మార్కెట్‌లో తెల్లవారకముందే కాలు పెట్టే సందుండదు. బిల్డింగ్‌లో ప్రతి అంతస్తులోనూ కొర్రమీనో, రవ్వో, బొచ్చో పులుసవుతుంటుంది. ఆ రోజు బూరె నడవదు, పరిగెడుతుంది. సింక్ దగ్గర పొలుసు రేకులు నాకుతుంది, చెత్త కవర్ చింపుతుంది, తలుపు తీస్తే పక్క ఫ్లాట్ గుమ్మం దాకా పోతుంది. పండగ పూట కాబట్టి అందరూ తలా ఒక తలకాయ వేస్తారు. చేప ఎప్పుడైనా ఒకసారి ఉడికించి, ముల్లు తీసి పెడితే ఫరవాలేదు. రోజూ అదే పెడితే, అందులోనూ పచ్చిది పెడితే, కొన్ని రకాల చేపల్లో ఉండే ఎంజైమ్ వల్ల బి1 విటమిన్ లోపం వస్తుంది.

మసాలా పడ్డ ముక్క మాత్రం అసలే వద్దు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. పచ్చిదైనా, వేయించినదైనా, పొడైనా తేడా లేదు. బిర్యానీ ముక్కని కడిగి పెట్టాం అంటారు కొందరు, అల్లం వెల్లుల్లి పేస్టులో రాత్రంతా నానిన ముక్కని కడిగితే ఏం పోతుంది? ఉడికిన ఎముకలూ వద్దు, పెళుసుగా విరిగి గుచ్చుకుంటాయి. సందర్భం వచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తాను: ఒళ్ళు వేడిగా ఉందని పిల్లికి పారాసిటమాల్ ఇవ్వకూడదు. మనుషుల బిళ్ళ ఒక్కటి చాలు దాని ప్రాణం తీయడానికి.

అరిస్తే వస్తుందని ఎవరు చెప్పారు

పిల్లి, చేప ముక్క, తలుపు మీద మొదటి శాస్త్రీయ ప్రయోగాలు 1898 నాటివి. అమెరికాలో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆకలిగా ఉన్న పిల్లులను పలకలతో చేసిన పెట్టెల్లో పెట్టి, తిండి బయట ఉంచాడు. మొదట అన్నీ గోకాయి, కొరికాయి, అరిచాయి. అనుకోకుండా మీట తగిలి తలుపు తెరుచుకుంది. మళ్ళీ మళ్ళీ అదే పెట్టెలో పెడితే పనికిరాని చేష్టలు తగ్గిపోయి, నేరుగా మీట దగ్గరికే వెళ్ళడం నేర్చుకున్నాయి. మంచి ఫలితం ఇచ్చిన పని నిలబడుతుంది అన్నది ఆయన సూత్రం.

మన ఇంట్లో ఆ మీట మనమే. తెల్లవారుజామున పిల్లి ఏం చేస్తే మనం లేస్తామో అది ఒక్కొక్కటిగా ప్రయత్నించి చూస్తుంది. పిల్లి సహజంగా తెల్లవారుజామున, సాయంత్రం చురుగ్గా ఉంటుంది కాబట్టి ఆ వేళకి లేవడం దాని తప్పు కాదు. మొదట మ్యావ్ అంటుంది. ఆ తర్వాత ముఖం మీద పంజా. అదీ కుదరకపోతే టేబుల్ మీద కళ్ళజోడుని మెల్లగా అంచుదాకా నెట్టి, మన వైపు ఒకసారి చూసి, కింద పడేస్తుంది. కళ్ళజోడు పడ్డాక మనం లేచాం. ఇక రేపటినుంచి మ్యావ్ దాకా కూడా రాదు, సరాసరి కళ్ళజోడే.

పెరిగిన పిల్లులు తమలో తాము మ్యావ్ అనుకోవడం చాలా అరుదు, ఆ అరుపు ఎక్కువగా మనుషుల కోసమే. దీనికంటే గడుసు పని గురగుర శబ్దంలో ఉంది. తిండి అడిగేటప్పుడు చేసే గురగురలో పసిబిడ్డ ఏడుపుకి దగ్గరగా ఉండే ఒక సన్నని స్వరం కలిసి ఉంటుందని, పిల్లులను పెంచని వాళ్ళు కూడా దాన్ని తొందరపెట్టే శబ్దంగా గుర్తుపట్టారని 2009లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు రాశారు. మా అత్తమ్మ ఆ శబ్దం విని కూర్చోలేకపోవడంలో ఆవిడ తప్పేమీ లేదన్నమాట.

ఎప్పుడూ పెడితే ఒక అలవాటు. ఎప్పుడో ఒకసారి పెడితే అది ఇంకా మొండి అలవాటు. తొమ్మిదిసార్లు కసిరి పదోసారి విసుగొచ్చి వేస్తే, పదిసార్లు అరవాలని పిల్లి నేర్చుకుంటుంది. దీన్ని మాన్పించాలని ఒకరోజు గట్టిగా నిర్ణయించుకుంటే మొదట తగ్గదు, పెరుగుతుంది. నిన్నటిదాకా పనిచేసిన మీట ఇవాళ ఎందుకు పనిచేయట్లేదని ఇంకా గట్టిగా నొక్కుతుంది. సరిగ్గా ఆ దశలోనే ఇంట్లో ఎవరో ఒకరు లొంగిపోతారు. దాంతో ఇదివరకటి కంటే పెద్ద అరుపు ఖాయమవుతుంది.

బుద్ధి అనుకునేది జబ్బు అయినప్పుడు

ఇంతవరకు చెప్పింది ఎప్పటినుంచో తిండిపోతు అయిన పిల్లి గురించి. ఉన్నట్టుండి తిండిపోతు అయిన పిల్లి సంగతి వేరు. పదేళ్ళు దాటిన పిల్లి విపరీతంగా తింటూ చిక్కిపోతుంటే, రాత్రుళ్ళు కేకలు పెడుతుంటే, చిరాకు పెరిగితే మొదట అనుమానించాల్సింది థైరాయిడ్ గ్రంథి ఎక్కువ పనిచేయడాన్ని. ఆకలి, కోపం రెండూ ఒకేసారి తెచ్చే జబ్బు ఇది. చిన్న రక్త పరీక్షలో తెలుస్తుంది. నీళ్ళు ఎక్కువ తాగి, మూత్రం ఎక్కువ పోస్తే షుగర్ చూడాలి, లావైన పిల్లులకి ఆ ముప్పు ఎక్కువ. నులిపురుగులు, దురదకి ఇచ్చే స్టెరాయిడ్లు, పేగు జబ్బులు కూడా ఆకలిని పెంచుతాయి.

ఒంట్లో ఏ లోపమూ దొరకని సందర్భాలూ ఉన్నాయి. ఇటలీలో ఎనిమిది నెలల సయామీ పిల్లి ఒకటి కనిపించిన తిండి మీదల్లా పడి, మనుషుల పళ్ళాల్లోకి దూకి, అడ్డొస్తే దాడి చేసేది. పరీక్షలన్నీ మామూలుగానే వచ్చాయి. తిండిని చూసినా కదలకుండా ఉన్నప్పుడే పెట్టడం, ఆటలు పెంచడం, శిక్షలు పూర్తిగా మానేయడం వంటి పద్ధతులతో అది కుదుటపడిందని 2012లో ఒక పశువైద్య పత్రికలో వచ్చింది. బుద్ధి అనుకున్నది కూడా మారుతుందనడానికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఇది.

అందుకే మొదటి మెట్టు డాక్టర్ దగ్గరే. నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్‌లో పి.వి. నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం కాలేజీ ఉంది, ప్రైవేటు క్లినిక్కులు వీధికొకటి వచ్చాయి. బుట్టలో పెట్టగానే బెంబేలెత్తే పిల్లికి ముందు రోజే ఇచ్చే మందు ఉంటుంది, ఫోన్ చేసి అడగొచ్చు.

ఇక కోపం

పిల్లి కోపం అని మనం కలిపి పిలిచే దాంట్లో కనీసం నాలుగు వేర్వేరు సంగతులు ఉన్నాయి.

నొప్పి ఒకటి. పన్నెండేళ్ళు దాటిన పిల్లులకి ఎక్స్‌రేలు తీసి చూసిన ఒక అధ్యయనంలో పదింట తొమ్మిదింటికి కీళ్ళ అరుగుదల కనిపించింది. పిల్లి కుంటదు, మూలగదు. ఎత్తుకోబోతే కరుస్తుంది, అంతే. పంటి నొప్పి కూడా ఇలాగే. తిండి మీదికి ఆత్రంగా వచ్చి, ఒక ముద్ద నోట్లో పెట్టుకుని బుస కొట్టి వెనక్కి పోయే పిల్లి నోరు చూపించాలి.

రెండోది నిమరడం. ఇది జబ్బు కాదు, మర్యాద తెలియకపోవడం, మనకి. చెంపలు, గడ్డం కింద నిమిరితే ఇష్టపడే పిల్లి పొట్ట ముట్టుకుంటే ఊరుకోదు. వెల్లకిలా పడుకుని పొట్ట చూపించడం నిమరమని పిలుపు కాదు. తోక చివర టపటప కొట్టుకోవడం, చెవులు పక్కకి తిరగడం, వీపు మీద చర్మం అలలా వణకడం, ఇవన్నీ చాలు అనడానికి గుర్తులు. వీటిని దాటి పోతేనే పన్ను దిగుతుంది. నాలుగు సెకన్లు నిమిరి చెయ్యి తీసేయండి. అదే తల ముందుకు పెడితే మళ్ళీ నిమరండి.

మూడోది భయం. పిల్లి పిల్లలు మనిషికి అలవాటు పడే వయసు రెండో వారం నుంచి ఏడో వారం దాకానే. సెల్లార్లో పుట్టి మూడు నెలలకి ఇంట్లోకి వచ్చిన పిల్లకి ఆ కిటికీ అప్పటికే మూసుకుపోయింది. దానికి తోడు తండ్రి పోలిక కూడా ఉంటుంది, ధైర్యం గల మగపిల్లికి పుట్టిన పిల్లలు కొత్త మనుషుల దగ్గరికి తొందరగా వస్తాయని 1995లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. ఇలాంటి పిల్లి ఒళ్ళో కూర్చోకపోతే అది పొగరు అనుకోకూడదు. వినాయక నిమజ్జనం రోజు కింద తీన్మార్ మోగుతుంటే బీరువా వెనక దూరిన పిల్లిని బలవంతంగా లాగితే చెయ్యి మీద నాలుగు చారలు ఖాయం.

నాలుగోది వింతైనది, చాలామందిని అయోమయంలో పడేసేది. మా బాల్కనీకి పావురాల వల కట్టి ఉంది. ఎదురు బిల్డింగ్ పిట్టగోడ మీదికి ఒక బండ మగపిల్లి వస్తుంటుంది, తెల్లది, ఒక చెవి చిరిగినది. అది కనిపిస్తే బూరె ఒళ్ళంతా రెండింతలవుతుంది, తోక సీసాలు కడిగే బ్రష్‌లా లేస్తుంది, గొంతులోంచి ఎప్పుడూ వినని ఒక మూలుగు వస్తుంది. వల అడ్డం, పోయి కొట్టలేదు. ఆ క్షణంలో వెనకనుంచి మా ఆయన బట్టలు ఆరేయడానికి వచ్చాడు. పిక్క పట్టుకుంది. ఆయనతో దానికి ఏ గొడవా లేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం మనుషుల్లోనే అనుకుంటాం. ఈ ఉద్రేకం దిగడానికి గంటలు పడుతుంది, ఆలోగా ఓదార్చబోతే రెండో కాటు. గది తలుపు దగ్గరికి వేసి, దీపం ఆర్పి, వదిలేయాలి. ఆ మూల వల మీద కింది భాగం కనపడకుండా గుడ్డ కడితే సగం గొడవ తగ్గుతుంది.

కొట్టడం గురించి. తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ మనందరికీ తెలుసు. రాయలవారు పిల్లుల్ని పెంచమని ఆవుల్నిస్తే, ఈయన సలసల కాగే పాలు ఒకసారి పెట్టి ఊరుకున్నాడు. మూతి కాలిన పిల్లి ఆ తర్వాత పాలు చూస్తేనే పారిపోయింది. చమత్కారం పక్కన పెడితే, అందులో గట్టి సంగతి ఒకటుంది: పిల్లి బాధని ఒకసారికే గుర్తుపెట్టుకుంటుంది, దాన్ని కళ్ళముందున్న వస్తువుకే అంటగడుతుంది. గట్టు ఎక్కిందని చీపురుతో కొడితే గట్టు సంగతి దానికి ఎక్కదు, చీపురు పట్టుకున్న మనిషి సంగతి ఎక్కుతుంది.

ఇప్పుడు అసలు ముడి. పిల్లి బుస కొట్టింది, రక్కింది. ఇంట్లో వాళ్ళు భయపడి, "ఆకలేస్తోందేమో" అని గిన్నెలో ఏదో వేస్తారు. పిల్లి శాంతించింది. మనకి ఉపశమనం, దానికి తిండి. థార్న్‌డైక్ పెట్టెలో ఇద్దరికీ ఒకేసారి తలుపు తెరుచుకుంది. ఇక కాటు అనేది తిండి అడిగే పద్ధతుల్లో ఒకటైపోతుంది. తిండి పెరిగితే ఒళ్ళు పెరుగుతుంది, ఒళ్ళు పెరిగితే కీళ్ళు నొప్పి, వీపు నాక్కోవడం అందదు, వెంట్రుకలు ఉండలు కడతాయి, ముట్టుకుంటే చిరాకు. అప్పుడు మళ్ళీ తిండి. ఇందులో కోపమెంత, ఆకలెంత అని పిల్లిని చూసి చెప్పడం డాక్టర్ వల్ల కూడా కాదు.

విప్పడం

ముందు తూకం. పొద్దున్నే రోజు మొత్తానికి సరిపడా డ్రై ఫుడ్ వంటింటి తూకం మీద తూచి ఒక డబ్బాలో పోయాలి. ఎవరు పెట్టినా ఆ డబ్బాలోంచే. డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకి అయిపోయినట్టే. మా ఇంట్లో అత్తమ్మని పెట్టొద్దనడం కుదరని పని, ఆవిడకి ఆ పెట్టడంలోనే పిల్లితో ఉన్న సంబంధమంతా ఉంది. కాబట్టి డబ్బాలోంచి ఆవిడ వాటాగా ఒక చిన్న గిన్నె వేరుగా తీసి ఇస్తాం. బిస్కెట్ బదులు ఆ గింజలు ఒక్కొక్కటి విసురుతుంది, బూరె హాలంతా పరిగెత్తి ఏరుకుంటుంది. ఇద్దరికీ వ్యాయామం.

ఆ మొత్తాన్ని ఐదారు సార్లుగా పెట్టడం మంచిది. తెల్లవారుజాము పూటకి టైమర్ ఉన్న పెట్టె వస్తుంది. దాని మీద పెట్టే డబ్బు నిద్రతో పోలిస్తే తక్కువే, పైగా పిల్లి మనిషి ముఖం చూడటం మానేసి పెట్టె ముఖం చూడటం మొదలుపెడుతుంది. తిండిని వెతుక్కునేలా దాచిపెట్టే బొమ్మలు కూడా వాడొచ్చు. అయితే 2021లో డేవిస్ పరిశోధకులు 17 పిల్లులకి ఒక పక్క పజిల్, ఒక పక్క పళ్ళెం పెట్టి చూస్తే ఎక్కువగా పళ్ళెం దగ్గరికే వెళ్ళాయి. పిల్లికి కష్టార్జితం మీద మోజు లేదన్నమాట. కాబట్టి మొదట చాలా తేలికైన దానితో మొదలుపెట్టాలి, ఖాళీ గుడ్ల ట్రే చాలు. వెట్ ఫుడ్ (ప్యాకెట్లో వచ్చే తడి తిండి) పెడితే ఫ్రిజ్‌లోంచి తీసింది తీసినట్టు కాకుండా గోరువెచ్చగా పెడితే బాగా తింటుంది.

తిండికి ముందు ఆట. తాడుకి ఈక కట్టి పది నిమిషాలు వేటాడించి, చివర్లో దాన్ని పట్టుకోనిచ్చి, అప్పుడు గిన్నె. వేట, భోజనం, నాక్కోవడం, నిద్ర, దాని ఒంటికి తెలిసిన వరస అదే. కరిచిన వెంటనే మాత్రం ఏమీ పెట్టకూడదు, అరవకూడదు, చూడకూడదు. లేచి వెళ్ళిపోవాలి. నిశ్శబ్దంగా కూర్చున్నప్పుడు పెట్టాలి.

బరువు తగ్గించేటప్పుడు తొందరపడితే ప్రమాదం. లావైన పిల్లి రెండు మూడు రోజులు తిండి మానేస్తే ఒంట్లోని కొవ్వు కాలేయంలోకి చేరి ప్రాణం మీదికి వస్తుంది. పస్తు పెట్టడం శిక్ష కాదు, విషం. ఆరు కిలోల పిల్లి వారానికి 30 నుంచి 60 గ్రాములు తగ్గితే చాలు. అంటే నెలకి పావు కిలో కూడా కాదు. నేల మీద తూకం పెట్టి పిల్లిని ఎత్తుకుని నిలబడి, మన బరువు తీసేయడం అందరూ చేసే పద్ధతే కానీ ఆ గ్రాముల తేడా దాంట్లో తెలియదు. పసిపిల్లల తూకం వాడాలి, లేదంటే క్లినిక్‌లో తూపించాలి.

కరిస్తే ఏం చేయాలి అన్నది చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. పిల్లి కోర సూదిలాంటిది, పైకి చిన్న చుక్కే కనిపిస్తుంది, లోపల లోతుగా క్రిములు దిగుతాయి. సబ్బుతో, పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం పెట్టకూడదు. టీకాలు వేయించిన ఇంటి పిల్లి అయినా అదే రోజు డాక్టర్‌కి చూపించాలి, వీధి పిల్లి అయితే రేబిస్ ఇంజెక్షన్ గురించి రెండో ఆలోచన వద్దు. నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌లో, నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. చేతి వేళ్ళ కీళ్ళ దగ్గర కరిస్తే, వాపు వస్తే, మర్నాటిదాకా ఆగకూడదు.

ఇవన్నీ చేశాక కూడా కొన్ని పిల్లులు ఒళ్ళోకి రావు. ఎత్తుకోనివ్వవు. తిండి ముందు మాత్రం మర్యాదగా కూర్చుంటాయి, కరవడం మానేస్తాయి, అంతవరకే. దానితో రాజీపడలేక గోనెసంచిలో వేసి ఔటర్ రింగ్ రోడ్ అవతల వదిలి వచ్చే వాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆకలిదప్పులతో మాడిపోయేలా జంతువుని వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. అపార్ట్‌మెంట్లో గిన్నె చప్పుడుకి పెరిగిన పిల్లి అక్కడ ఎక్కువ కాలం బతకదు కూడా. నిజంగా పెంచలేని పరిస్థితి వస్తే తెలిసిన వాళ్ళలో ఒక ఇల్లు వెతకాలి, దాని కోపం సంగతి దాచకుండా చెప్పి మరీ.

తోడు కోసం ఇంకో పిల్లిని తెస్తే ఇది చల్లబడుతుందా అని అడుగుతారు. సాధారణంగా చల్లబడదు. తిండి మీద ధ్యాస ఉన్న పిల్లికి రెండో పిల్లి అంటే రెండో నోరు, గబగబా మింగి పక్క గిన్నె మీద పడుతుంది. తప్పనిసరై తెస్తే మొదటి కొన్ని వారాలు వేర్వేరు గదులు, ఆ తర్వాత కూడా ఒకదానికొకటి కనిపించని చోట రెండు గిన్నెలు, మలమూత్రాలకి మూడు లిట్టర్ ట్రేలు. రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో ఆ మూడో ట్రే ఎక్కడ పెట్టాలో తేలాకే పిల్లిని తెచ్చుకోండి.